హారన్ మోగితే ముందు మాస్కు: బోయింగ్ 737లో కేబిన్ ప్రెషర్ పోయినప్పుడు

బోయింగ్ 737లో కేబిన్ ప్రెషర్ తగ్గిపోతే దానంతటదే జరిగేది చాలా తక్కువ. కేబిన్ ఎత్తు (లోపలి గాలి ఎంత ఎత్తులోని గాలంత పలచగా ఉందో చెప్పే లెక్క) 10,000 అడుగులు దాటగానే కాక్‌పిట్‌లో హారన్ మోగుతుంది. 14,000 దగ్గర ప్రయాణికుల తలల మీది మూతలు తెరుచుకుని మాస్కులు వేలాడతాయి. విమానం మాత్రం కిందికి దిగదు. ఆటోపైలట్‌కు ఎంత ఎత్తు చెప్పారో అక్కడికే ఎక్కుతూ పోతుంది. ఎయిర్‌బస్ ఏ350కి, కొన్ని గల్ఫ్‌స్ట్రీమ్ జెట్లకు తమంతట తామే దిగే ఏర్పాటు ఉంది, దీనికి లేదు. అందుకే 737 నేర్చుకునేవాళ్లు ఈ వరస చేతికి అలవాటు చేసుకోవాలి.

ఇంజిన్ల నుంచి మళ్లించిన గాలి (బ్లీడ్) ప్యాక్‌లనే ఏసీ యూనిట్లలో చల్లబడి లోపలికి వస్తుంది, తోక వైపున్న అవుట్‌ఫ్లో వాల్వ్ గుండా బయటికి పోతుంది. ఆ రాకకూ పోకకూ తూకం కుదిరినంతసేపు కేబిన్ ఎత్తు 8,000 అడుగుల లోపే ఉంటుంది. తూకం చూసే కంట్రోలర్లు రెండు. ఒకటి పాడైతే రెండోది దానంతటదే అందుకుంటుంది. అయితే ప్రెషర్ మోడ్ సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉంటేనే ఇదంతా. మాన్యువల్‌లో పెడితే వాల్వ్ ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది, మనం స్విచ్ నొక్కితే తప్ప కదలదు.

కాబట్టి బయల్దేరే ముందు ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో సెలెక్టర్ మీద వేలు పెట్టి చూడండి, కంటితో చూసి వదిలేయొద్దు. 2005 ఆగస్టు 14న లార్నకా నుంచి ఏథెన్స్‌కు బయల్దేరిన హీలియోస్ ఎయిర్‌వేస్ 522 విమానంలో, అంతకుముందు జరిగిన లీకు పరీక్ష తర్వాత సెలెక్టర్ మాన్యువల్‌లోనే ఉండిపోయింది. చెక్‌లిస్టుల్లో ఎవరూ పట్టుకోలేదు. 121 మంది చనిపోయారు. బ్లీడ్ స్విచ్‌లు మరో గండం. 2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్‌కు బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ 737లో అవి ఆన్ చేయకపోవడంతో ప్రయాణికుల్లో కొందరికి ముక్కుల నుంచి, చెవుల నుంచి రక్తం కారింది. టేకాఫ్ తర్వాతి చెక్‌లిస్టులో బ్లీడ్, ప్యాక్‌లు చూసుకోండి. 10,000 అడుగులు దాటేటప్పుడు ఇంకోసారి కేబిన్ ఎత్తు సూది చూడండి. విమానం ఎంత వేగంగా ఎక్కుతుంటే సూదీ అంతే వేగంగా ఎక్కుతోందంటే లోపల ప్రెషర్ నిలవడం లేదన్నమాట.

ఇక హారన్. టేకాఫ్ కాన్ఫిగరేషన్ (ఫ్లాప్‌ల వంటివి టేకాఫ్‌కు అమర్చిన తీరు) సరిగా లేకపోయినా ఇదే ఆగి ఆగి మోగే శబ్దం. హీలియోస్ పైలట్లు పొరబడింది ఇక్కడే. ఆ టేకాఫ్ హెచ్చరిక నేల మీదే వస్తుంది, గాల్లో రాదు. గాల్లో ఈ శబ్దం వినిపిస్తే కేబిన్ ఎత్తు గురించే. ఆ ప్రమాదం తర్వాత విడిగా ఒక హెచ్చరిక దీపం కూడా పెట్టించారు.

ఎందుకు మోగిందో వెతక్కండి. ముందు మాస్కు. 35,000 అడుగుల్లో తెలివిగా పనిచేయగల సమయం 30 నుంచి 60 సెకన్లు, ప్రెషర్ ఒక్కసారిగా పోతే అందులో సగమే. ఒంటికి తెలిసేలోపే బుద్ధి మందగిస్తుంది, పైగా అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైంది అదే.

మాస్కు ఎర్ర రెక్కలు రెంటినీ బొటనవేలు, చూపుడువేలితో నొక్కి లాగండి. పట్టీలు గాలితో ఉబ్బుతాయి. తల మీదుగా తొడిగి వేళ్లు వదిలితే బిగుసుకుంటాయి. కళ్లజోడు, హెడ్‌సెట్ అడ్డుపడేది ఇక్కడే, ముందుగా సాధన చేయండి. రెగ్యులేటర్ 100 శాతంలో పెట్టి, ఆడియో ప్యానెల్‌లో మైకును మాస్కుకు మార్చి, పక్కవారిని పలకరించండి. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినిపించాలి.

తర్వాత సెలెక్టర్ మాన్యువల్‌లో పెట్టి, వాల్వ్ పూర్తిగా మూసుకున్నట్టు సూచిక చూపేదాకా స్విచ్‌ను మూసే వైపు పట్టుకోండి. కేబిన్ ఎత్తు అదుపులోకి వస్తే మంచిదే. రాకపోతే ప్రయాణికుల ఆక్సిజన్ స్విచ్ ఆన్ చేసి దిగడం మొదలుపెట్టండి: థ్రస్ట్ పూర్తిగా తగ్గించి, స్పీడ్ బ్రేకులు తీసి, గరిష్ఠ వేగం దగ్గరికి. పెద్ద శబ్దం వచ్చి బాడీ దెబ్బతిందన్న అనుమానముంటే వేగం పెంచకండి. ఏటీసీకి (నేల మీది విమాన నియంత్రణ కేంద్రానికి) చెప్పి ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700 పెట్టండి. మీ సంస్థ క్యూఆర్‌హెచ్‌లో (కాక్‌పిట్‌లో ఉంచే అత్యవసర చెక్‌లిస్టుల పుస్తకంలో) వరస కొద్దిగా వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

10,000 అడుగులకు గానీ, ఆ ప్రాంతపు కనీస సురక్షిత ఎత్తుకు గానీ, రెంటిలో ఏది ఎక్కువైతే అక్కడికి దిగాలి. తొందర దేనికంటే, ప్రయాణికుల మాస్కులకు ఆక్సిజన్ ఇచ్చేది సీట్ల పైనున్న రసాయన జనరేటర్, అది సుమారు 12 నిమిషాలే వస్తుంది. మాస్కు లాగితేనే అది అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే ఆపలేం. బాగా వేడెక్కి కాలిన వాసన వస్తుంది. ఆ వాసనకూ, మాస్కుకున్న సంచి ఉబ్బకపోవడానికీ ప్రయాణికులు భయపడతారు, సిబ్బంది ముందే చెప్పి ఉంచాలి. హిమాలయాల మీద 10,000కు దిగడం కుదరదు కాబట్టి ఏ వైపు తిరిగి దిగాలో బయల్దేరే ముందే రూటు మీద గుర్తుపెట్టుకోండి.

కేబిన్ ఎత్తు 10,000 లోపుకు వచ్చాక మాస్కు తీయొచ్చు. తీసినప్పుడు మైకును మళ్లీ హెడ్‌సెట్‌కు మార్చండి. అది మరిచిపోతే మీరు ఎంత మాట్లాడినా ఏటీసీకి వినపడదు.