పంక్ లైవ్ రికార్డింగ్‌కి రివ్యూ రాయాలంటే ఏం వినాలి

పంక్ (వేగంగా, మొరటుగా వాయించే రాక్ సంగీతం) బ్యాండ్ లైవ్ రికార్డింగ్ మీద రాసేవాళ్లు చాలామంది "ఊపు అదిరింది, సౌండ్ మాత్రం బాలేదు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. బాలేకపోవడానికి కారణం బ్యాండా, మిక్సర్ (గొంతునీ వాయిద్యాలనీ కలిపి స్పీకర్లకి పంపే పెట్టె) దగ్గర కూర్చున్నాయనా, మైకు పెట్టిన చోటా? అది విడదీసి చెప్పండి, చదివేవాళ్లకి కావాల్సింది అదే.

కాబట్టి రికార్డింగ్ ఎక్కణ్ణుంచి తీశారో ముందు చూసుకోండి. మిక్సర్ నుంచి నేరుగా తీసిందైతే గొంతు బాగా ముందుకొచ్చి గిటార్, డ్రమ్స్ పల్చగా వినిపిస్తాయి, చిన్న హాల్లో అయితే మరీను, ఎందుకంటే ఆంప్‌లూ (గిటార్ మోత పెంచే పెట్టెలు) డ్రమ్సూ వాటంతటవే హాలంతా మోగిస్తాయి, వాటిని స్పీకర్లలో పెద్దగా పెంచాల్సిన పని ఉండదు, మిక్సర్‌లోకి వెళ్లేదే తక్కువ. ఇది తెలియక "గిటారిస్ట్ చేతిలో బలం లేదు" అని రాస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. జనంలోంచి ఫోన్‌లో తీసిందైతే చాలాసార్లు ఫోనే సౌండ్ లెవెల్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, డ్రమ్ దెబ్బ పడ్డప్పుడల్లా పాట మొత్తం ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. మన వరంగల్‌లో బోనాల డప్పు ఎదురుగా నిలబడి విని, అదే ఫోన్ వీడియోలో పెట్టుకుని చూడండి, సిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బలోని పదును పోయి గరగర మిగులుతుంది.

ఇంకోటి, హన్మకొండ నుంచి హైదరాబాద్ బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో విని బేస్ గిటార్ వినపడట్లేదని రాసేయకండి, ఇంజన్ మోత దాన్ని మింగేస్తుంది. ఇంట్లో, ఏమీ రాసుకోకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినండి. తర్వాత నిమిషాలు, సెకన్లు రాసుకుంటూ మళ్లీ.

వేగం గురించి రాయడానికి చాలా ఉంటుంది. అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ 1977 డిసెంబర్ 31న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో వాయించింది 'ఇట్స్ అలైవ్' పేరుతో 1979లో ఆల్బమ్‌గా వచ్చింది, 28 పాటలు గంటలోపే అయిపోతాయి, ఒకటి ముగిసిందో లేదో వన్ టూ త్రీ ఫోర్ అని అరుపు, ఇంకోటి మొదలు. ఇలాంటిది వింటున్నప్పుడు పాటకీ పాటకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా గమనించాలి. అదే పాట స్టూడియోలో ఎన్ని నిమిషాలు, స్టేజీ మీద ఎన్ని నిమిషాలు అన్నది పక్కపక్కన పెట్టి చూడండి. వేగం పెరగడం తప్పేం కాదు, నలుగురూ కలిసి పరుగెత్తారా, లేక డ్రమ్మర్ ముందుకెళ్లిపోతే బేస్ వెనకబడిందా, అదీ చూడాల్సింది. ఒకచోట శ్రుతి తప్పిందని మార్కులు కోసేయొద్దు, నాకైతే అరిచి అరిచి బొంగురుపోయిన గొంతే ఆ రాత్రి ఎలా గడిచిందో చెబుతుంది. షో పొడుగునా గొంతు ఎక్కడా అలవకపోతే మాత్రం తర్వాత స్టూడియోలో పాడి అతికించారేమో అనుమానించండి, కవర్ మీది వివరాలు చూడండి, ఆధారం దొరక్కపోతే అనుమానమనే రాయండి.

నిట్ వరంగల్ స్ప్రింగ్‌స్ప్రీ లాంటి కాలేజీ ఫెస్ట్‌లో వాయించిన కొత్త కుర్రాళ్ల రికార్డింగ్ అయినా ఇదే పద్ధతి, కాకపోతే తేదీ, చోటు, రికార్డ్ చేసిన విధానం తప్పకుండా రాయండి, ముందుగా ఏ పాట వినాలో నిమిషంతో సహా చెప్పండి.