గుమ్మం ముందు సంచి పెట్టి రావడం

జెరూసలేంలో నేను చూసుకునే పెద్దావిడకి 88 ఏళ్లు. సవ్తా అని పిలుస్తాను, హీబ్రూలో అమ్మమ్మ అని. యూదుల పస్కా పండగ దగ్గర పడేసరికి మా వంటిల్లంతా సంచులే, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకి గుట్టుగా ఇచ్చే సరుకుల సంచులు. ఆవిడ నింపుతుంది, నేను మోస్తాను. అలా నేర్చుకున్న పని ఇది.

సంచి మామూలుది చూసుకోండి, ఏ సంస్థ పేరూ ఉండకూడదు. మెట్ల మీద ఎవరు చూసినా బజారు నుంచి తెచ్చుకున్న సరుకే అనుకోవాలి. లోపల పులియని రొట్టెలు, ద్రాక్షరసం, బంగాళాదుంపలు, అన్నిటికంటే పైన గుడ్లు. మొదటి ఏడు నేను ప్రేమగా రెండు కిలోల బియ్యం కూడా పెట్టాను. సవ్తా తీసేసింది. యూరప్ మూలాలున్న అష్కెనాజీ ఇళ్లలో పస్కా రోజుల్లో అన్నం ముట్టరట. మన అన్నం బుద్ధి మనది!

డబ్బిచ్చేవాళ్లు ఒకరు, మోసేవాళ్లు ఇంకొకరు అయితే మేలు. నాకు ఫ్లాట్ నంబరే చెబుతారు, పేరు చెప్పరు. పాత జెరూసలేం దేవాలయంలో రహస్యాల గది అని ఒకటి ఉండేదట. ఇచ్చేవాళ్లు గుట్టుగా వేసి వెళ్లేవాళ్లు, బతికి చెడ్డవాళ్లు అంతే గుట్టుగా తీసుకునేవాళ్లు.

తలుపు దగ్గరే అసలు టెన్షన్. ఒకసారి బెల్ కొట్టి లిఫ్ట్ కోసం నిలబడ్డాను. లిఫ్ట్ రాలేదు, తలుపు తెరుచుకుంది. చంకలో పిల్లాడితో ఒకావిడ. సంచిని చూసింది, నన్ను చూసింది. నేను వెర్రిదానిలా పండగ శుభాకాంక్షలు చెప్పాను. ఆ తర్వాత కొట్టు దగ్గర నేను కనబడితే చాలు, రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేది.

సవ్తా తిట్టలేదు. యూదుల ధర్మగ్రంథం తల్ముద్‌లోని మార్ ఉక్వా అనే పండితుడి కథ చెప్పింది. ఆయన రోజూ ఒక పేదవాడి తలుపు సందులో నాలుగు నాణేలు పెట్టేవాడు. ఎవరో చూద్దామని ఒకరోజు అతను బయటికొస్తే, మార్ ఉక్వా, ఆయన భార్య పరుగెత్తి అప్పుడే నిప్పులు ఊడ్చిన పెద్ద పొయ్యిలో దూరారు. ఆయన కాళ్లు కాలుతుంటే, నా కాళ్ల మీద పెట్టుకో అందట భార్య.

"వాళ్లు పొయ్యిలో దూరారు, నువ్వు లిఫ్ట్ కోసం ఆగావు" అని నవ్వింది.

డబ్బే ఇవ్వాలనుకుంటే చేతిలో పెట్టకండి. వాళ్లు అప్పు పెట్టే కొట్టులో ఖాతాకి కొంత కట్టండి. కొట్టతను నోరు జారని మనిషై ఉండాలి, అంతే.

ఇంకో మాట. 12వ శతాబ్దంలో రంబం అనే పండితుడు దానానికి ఎనిమిది మెట్లు రాశాడు. ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ ఒకరెవరో ఒకరికి తెలియకపోవడం అందులో పైనుంచి రెండోదే. పై మెట్టు మీద ఉన్నది అప్పో పనో ఇచ్చి మనిషిని నిలబెట్టడం. అందుకే ఎక్కడైనా పని ఖాళీ ఉందని వింటే సవ్తా ముందు ఫోన్ అందుకుంటుంది, తర్వాతే సంచి.

ఇప్పుడు నేను లిఫ్ట్ జోలికి పోను. సంచి పెట్టి, రెండుసార్లు తలుపు తట్టి, మెట్ల మీదుగా దిగిపోతాను. చెప్పులు మాత్రం చేత్తో పట్టుకోండి, రాతి మెట్ల మీద టపటపమంటాయి.