అరికాలి ముందు భాగంలో నొప్పి: ముందు ఎక్కడో తేల్చుకోండి

నడుస్తుంటే చెప్పులో గులకరాయి పడ్డట్టు ఉంటుంది. తీసి దులిపితే ఏమీ ఉండదు. వంటింట్లో గ్రానైట్ మీద ఒట్టి కాళ్లతో అరగంట నిలబడితే వేళ్ల మొదళ్ల కింద మంట మొదలవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. మడమకు మాత్రం ఏమీ ఉండదు. డాక్టర్లు దీన్ని మెటటార్సాల్జియా అంటారు. పేరు పెద్దదే గానీ అర్థం 'అక్కడ నొప్పి' అనే. కారణం వేరే వెతకాలి.

పాదం మోకాలి మీద వేసుకుని, ఒక్కో వేలి మొదట్లో, వేళ్ల సందుల్లో బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లండి. ప్రాణం లాగేసే చోటు ఎక్కడో చూసుకోండి.

రెండో, మూడో వేళ్ల కింద అయితే: ఎక్కువమందికి ఇదే. పాదంలోని ఐదు పొడవాటి ఎముకల తలలు ఇక్కడే నేలకు ఆనుతాయి. బరువు అన్నిటి మీదా పడాల్సింది పోయి ఒకటి రెండిటి మీదే పడితే అక్కడ వాపు వస్తుంది. హీల్స్, అరిగిపోయిన హవాయి చెప్పులు, పిక్కలు బిగుసుకుపోవడం, ఒంటి బరువు, రెండో ఎముక సహజంగానే పొడుగ్గా ఉండటం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అక్కడ చర్మం మందంగా గట్టిపడి ఉంటే అనుమానమే అక్కర్లేదు.

దీనికి మెటటార్సల్ ప్యాడ్, అంటే షూలో పాదం కింద పెట్టుకునే చిన్న మెత్త, బాగా పనిచేస్తుంది, సరైన చోట పెడితే. నేను మొదట నొప్పి ఉన్న చోటే పెట్టుకుని రెండు రోజులు కుంటుతూ నడిచాను. అది పెట్టాల్సింది నొప్పికి కాస్త వెనక, మడమ వైపు. అప్పుడే ఎముకల తలల మీద భారం తగ్గుతుంది. కొలతకు ఒక చిట్కా: నొప్పి ఉన్న చోట కాటుక చుక్క పెట్టి, పాత షూలో కాలు పెట్టి నిలబడండి. లోపల మచ్చ పడుతుంది. ప్యాడ్ ముందు అంచు ఆ మచ్చకు వెనకే ఆగాలి.

ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వేసుకోండి. పిక్కల కోసం గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు ఆన్చి 30 సెకన్లు సాగదీయండి. మూడేసి సార్లు, రోజుకు రెండు పూటలు. ఐస్ గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. తగ్గడానికి వారాలు పడుతుంది, రోజులు కాదు.

మూడు, నాలుగు వేళ్ల సందులో అయితే: కరెంటు షాక్‌లా వేళ్లలోకి జివ్వుమంటుంది, తిమ్మిరెక్కుతుంది. షూ విప్పి రుద్దుకుంటే హాయి. అక్కడి నరం చుట్టూ మందమెక్కి నలుగుతోందన్నమాట. దీన్ని మోర్టన్స్ న్యూరోమా అంటారు. మొనదేలిన షూ మానేసి, ముందు వెడల్పుగా ఉన్నవి కొనండి. కొనేది సాయంత్రం పూట, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

బొటనవేలి కింద అయితే: అక్కడ బఠాణీ గింజంత ఎముకలు రెండుంటాయి. నాట్యం చేసేవాళ్లకు, పరుగెత్తేవాళ్లకు అవి వాస్తాయి. కొన్నాళ్లు ఆట ఆపాల్సిందే. అదే కీలు రాత్రికి రాత్రే ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా అరుపొస్తే గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు, అయ్యుండొచ్చు. అటాక్ సమయంలో రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా రావచ్చు, రిపోర్టు చూసి కాదని కొట్టిపారేయకండి.

పాదం పైన ఒకే ఎముక మీద నొప్పి, వాపు ఉంటే: అలవాటు లేకుండా అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ఒట్టి కాళ్లతో చేసొచ్చాక ఇలా అయిందా? ఎముకలో సన్న పగులు ఉండొచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ప్యాడ్లతో ప్రయోగాలు వద్దు, డాక్టరుకు చూపించండి.

రెండు పాదాలూ మండుతూ, రాత్రి ఎక్కువైతే: మన ఇళ్లలో 'వేడి చేసింది' అని మజ్జిగ తాగిస్తారు. తాగండి, కానీ షుగర్, బీ12 పరీక్షలు కూడా చేయించండి. షుగర్ ఉండి పాదం మొద్దుబారితే పైన చెప్పిన ఐస్ పెట్టకండి, ఆనెకాయల్ని బ్లేడుతో గీకకండి. చిన్న గాయమే పుండవుతుంది.

నొప్పి మాత్రలు నాలుగు రోజులకు సరే. కిడ్నీ, అల్సర్, బీపీ ఉన్నవాళ్లు అడక్కుండా వేసుకోవద్దు. కాలు మోపలేకపోయినా, జ్వరం వచ్చినా ఆగొద్దు. ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కొత్త చెప్పులతో కాదు, రోజూ వేసుకునే పాతవాటితో వెళ్లండి. అవి ఎక్కడ అరిగాయో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో ఆయనకు తెలుస్తుంది.