ఎక్కిళ్ళు ఆగవు, వేడి తగలదు: పక్షవాతంలా కనిపించని పక్షవాతం

పక్షవాతం అంటే మూతి వంకరపోవాలి, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవాలి. మనందరికీ తెలిసిన లెక్క అదే. మా నాన్నకు ఆ రెండూ కాలేదు. మదనపల్లె నుంచి బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అంతే.

సమస్య: ఎక్కిళ్ళు ఆగవు, తింటే పొలమారుతుంది

"మీ అమ్మ తలుచుకుంటోందిలే" అని నాన్న నవ్వాడు. చక్కెర నోట్లో వేశాం, ఊపిరి బిగబట్టించాం. మధ్యాహ్నం మజ్జిగన్నం రెండో ముద్దకే పొలమారి మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. లేచి నిలబడితే ఎడమవైపుకే ఒరిగిపోతున్నాడు, ఎవరో ఆ పక్కనుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అన్నారు, మాత్ర రాశారు. ఆ మాత్రను నమ్ముకుని రాత్రంతా పోగొట్టుకున్నాం.

కారణం: మెదడు కింది భాగంలో, వెన్నుపాము మొదలయ్యే చోట బొటనవేలంత మందాన ఉండేది బ్రెయిన్‌స్టెమ్. మింగడం, గొంతు, కళ్ళ కదలిక, నిలకడ, ఊపిరి, అన్నిటి తీగలూ ఆ ఇరుకులోంచే పోవాలి. బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర ఒక్క లారీ ఆగితే హొసూరు రోడ్డూ ఔటర్ రింగ్ రోడ్డూ రెండూ నిలిచిపోవూ, అలాగే ఇక్కడ సన్న రక్తనాళం ఒకటి మూసుకుంటే ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు బాధలు ఒకేసారి మొదలవుతాయి. చేతులూ కాళ్ళూ ఆడించే తీగలు అక్కడే ముందు పక్కనుంచి పోతాయి కాబట్టి బలం మాత్రం అలాగే ఉండొచ్చు. నాన్నకు వచ్చిన రకాన్ని 1895లో జర్మన్ డాక్టర్ అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

పరిష్కారం: ఉత్త ఎక్కిళ్ళకు భయపడక్కర్లేదు. వాటితోపాటు ఉన్నట్టుండి తూలడం, మింగలేకపోవడం, గొంతు మారడం, వీటిలో ఏ ఒక్కటి కలిసినా 108కి ఫోన్ చేయండి. నోట్లో ఏమీ పోయొద్దు, మంచినీళ్ళు కూడా. మింగలేని మనిషికి పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాట్సాప్‌లో ఎవరో చెప్పారని ఆస్పిరిన్ కూడా వేయకండి. లోపల గడ్డకట్టిందో, రక్తం కారుతోందో స్కాన్ చూశాకే తెలిసేది.

సమస్య: ఒక పక్క వేడి తెలియదు

మాకు కళ్ళు తెరిపించింది ఇదే. మర్నాడు పొద్దున బాత్రూంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోస్తుంటే "గీజర్ పాడైందా? ఎడమ కాలికి కాలుతున్నాయి, కుడికాలికి చన్నీళ్ళలాగున్నాయే" అన్నాడు. అవే నీళ్ళు, అదే చెంబు. కుడికాలు తాకితే తాకినట్టు తెలుస్తోంది, గిల్లితే మాత్రం నొప్పి లేదు. ముఖంలో అయితే తిరగబడింది: ఎడమ చెంప మొద్దుబారింది. ఎడమ కనురెప్ప కాస్త వాలి, ఆ కంటిపాప కుడిదానికంటే చిన్నగా ఉంది.

కారణం: శరీరం నుంచి నొప్పినీ వేడినీ మోసే తీగలు వెన్నుపాములోనే అటు పక్కకు దాటి వస్తాయి. ముఖం తీగలు ఆ చోటికి ఇంకా దాటవు. అందుకే ఎడమ పక్క దెబ్బతింటే ముఖం ఎడమవైపు, ఒళ్ళు కుడివైపు పోతాయి. ఇలా అడ్డదిడ్డంగా స్పర్శ పోతే "నరాల వీక్‌నెస్" అనుకుని బి కాంప్లెక్స్ మింగుతూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి.

సమస్య: కళ్ళు తిరుగుతున్నాయి. చెవిలోదా, మెదడులోదా?

మంచం మీద పక్కకు దొర్లినప్పుడల్లా గిర్రున తిరిగి నిమిషం లోపు ఆగిపోతే చాలావరకు చెవి లోపలి తేడానే. కదలకుండా కూర్చున్నా గంటల తరబడి తిరుగుతూ, ఆసరా లేకుండా నిలబడలేకపోతే, వస్తువులు రెండుగా కనబడితే, అది స్పాండిలైటిస్ అని మెడ పట్టీ కట్టుకునే సమయం కాదు. కొందరికి గది మొత్తం పక్కకు ఒరిగినట్టో తలకిందులైనట్టో కాసేపు కనబడుతుంది. తలను చటుక్కున తిప్పి కళ్ళ కదలిక చూసే ఒక పరీక్షతో అనుభవమున్న న్యూరాలజిస్టులు చాలావరకు తేడా పట్టేస్తారు. ఇంట్లో మాత్రం ఎవరి మెడా తిప్పకండి.

మెడ అంటే గుర్తొచ్చింది. సెలూన్లో కటింగ్ అయ్యాక టకటకమని మెడ విరిపించుకునే అలవాటుందా? ఆ విసురుకి మెడలోంచి మెదడుకు పోయే నాళం లోపలి పొర చిరగొచ్చు. అక్కడ గడ్డకట్టిన రక్తం పైకి పోతే ముప్పై ఏళ్ళవాడికైనా ఇదే స్ట్రోక్. మెడ వెనక కొత్తగా నొప్పి పుట్టి తూలు మొదలైతే మెడ విరిపించుకున్న సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇంకొన్ని

మాట ముద్దగా వస్తూ, ఒక చెయ్యి చొక్కా గుండీ పెట్టుకోలేనంత మొరటైతే బ్రెయిన్‌స్టెమ్‌లోనే చిన్న రక్తపు గడ్డ ఉండొచ్చు. కారణం లేకుండా నవ్వో ఏడుపో పొంగుకొచ్చి ఆగకపోవడం కూడా ఉంది. బ్రెయిన్‌స్టెమ్ పైభాగం దెబ్బతిన్న కొందరికి పొద్దుగూకాక రంగురంగుల మనుషులు, జంతువులు కనబడతాయి. అవి నిజం కావని చాలాసార్లు వాళ్ళకే తెలుసు. గాలి సోకిందని తాయెత్తుకు తిరిగేది మనమే.

ఆస్పత్రిలో

మొదట చెప్పాల్సింది టైము: మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు? గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అప్పటినుంచి 4.5 గంటల్లోపే. మాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. బెంగళూరులోని మెదడు, నరాల ఆస్పత్రి నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది కానీ వైట్‌ఫీల్డ్‌లో ఉండి ట్రాఫిక్‌లో ఊరంతా దాటాలని పట్టుపట్టకండి. స్కానూ న్యూరాలజిస్టూ ఉన్న దగ్గరి ఆస్పత్రికే పోండి.

సీటీ స్కాన్ నార్మల్ అనగానే ఇంటికి బయల్దేరకండి. సీటీలో రక్తస్రావం బాగా తెలుస్తుంది, బ్రెయిన్‌స్టెమ్‌లోని చిన్న గడ్డ దెబ్బ తరచూ తెలియదు. మొదటి రెండు రోజుల్లో ఎంఆర్ఐ కూడా తప్పొచ్చు. లక్షణాలు అలాగే ఉంటే "మళ్ళీ తీయాలా సార్?" అని అడగండి, మొహమాటపడొద్దు.

నాన్నకు మూడు వారాలు ముక్కులోంచి గొట్టంతోనే ఆహారం. ఎక్కిళ్ళకు బాక్లోఫెన్ ఇచ్చారు. తర్వాత స్పీచ్ థెరపిస్ట్ దగ్గర మింగడం మళ్ళీ నేర్చుకున్నాడు: గడ్డం ఛాతీకి ఆనించి, ముందు చిక్కటి జావ, చివరికి నీళ్ళు. బీపీ, షుగర్ మాత్రలు ఇప్పుడు ఒక్కపూట కూడా మానడు. కుడి పక్క వేడి మాత్రం ఈనాటికీ తెలియదు. ఎడమ చెయ్యి బకెట్లో ముంచి చూసుకున్నాకే చెంబు ఎత్తుతాడు.