కాలు తీశాక బాల్ ఎక్కడుంది? రడ్డర్ ట్రిమ్ జాగ్రత్తలు

సెస్నా 152 మీదో 172 మీదో గంటలు పూర్తి చేసుకుని మొదటిసారి 182 ఎక్కబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో సిమ్యులేటర్ ముందు కూర్చుని పెద్ద ఇంజిన్ విమానం పట్టుకునేవాళ్లకూ పనికొస్తుంది. 152లో, చాలా 172లలో కాక్‌పిట్‌లో రడ్డర్ ట్రిమ్ (పెడల్ మీద కాలు పెట్టి ఉంచకుండానే తోక మీది రడ్డర్‌ను ఒక పక్కకు పట్టి ఉంచే చిన్న చక్రం) ఉండదు, 182లో ఉంటుంది. కాలికి సుఖమే, కానీ ఆ చక్రాన్ని మీరు చివరిసారి ఎక్కడ వదిలారో అది అక్కడే ఉండిపోతుంది. తర్వాత పవర్ మారినా, స్పీడ్ మారినా దానికి తెలియదు.

ప్రొపెల్లర్ సీటులోంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే విమానం ఫుల్ పవర్‌తో పైకెక్కేటప్పుడు ఎడమకు లాగుతుంది. అందుకే కుడి పెడల్ నొక్కుతాం. క్రూజ్‌లో, అంటే ఎత్తు చేరాక సమంగా ఎగిరేటప్పుడు, ఆ లాగుడు చాలావరకు తగ్గిపోతుంది. థ్రాటిల్ వెనక్కి తీసి దిగడం మొదలుపెడితే ముక్కు కొద్దిగా కుడికి మొగ్గుతుంది. ఎక్కేటప్పుడు సరిపోయిన ట్రిమ్ దిగేటప్పుడు తప్పయ్యేది అందుకే.

ముందు నేల మీద. వాక్‌రౌండ్‌లో, అంటే ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు, తోక దగ్గర ఆగండి. 152, 172 రడ్డర్ వెనక అంచుకు పల్చటి రేకు ఒకటి ఉంటుంది. అదే వాటి ట్రిమ్. దాన్ని నేల మీదే వంచి, క్రూజ్‌లో బాల్ (విమానం పక్కకు జారుతోందో లేదో చూపే పరికరంలోని గోళీ) మధ్యలో ఉండేలా సరిచేస్తారు. విమానం తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా వంగిపోయేంత మెత్తన. వంగినట్టు కనిపిస్తే మీరు చెయ్యి పెట్టకండి, స్నాగ్ (లోపం) అని లాగ్‌లో రాసి మెయింటెనెన్స్ ఇంజినీరుకు చెప్పండి. ఎక్కేటప్పుడు బాల్ కుడికి జరిగిందని ఆ రేకును తప్పుపట్టకండి. అక్కడ పని చెయ్యాల్సింది మీ కుడి కాలు.

కాక్‌పిట్‌లో ట్రిమ్ ఉన్న విమానమైతే, చెక్‌లిస్ట్‌లో ఆ వరుస వచ్చినప్పుడు "సెట్" అని నోటితో అనేసి ముందుకు పోకండి. గుర్తును కంటితో చూడండి, చక్రాన్ని వేలితో ముట్టండి. 2017 ఫిబ్రవరి 21న మెల్‌బోర్న్‌లోని ఎసెండన్ విమానాశ్రయం నుంచి లేచిన కింగ్ ఎయిర్ బీ200 క్షణాల్లోనే పక్కనున్న షాపింగ్ సెంటర్ మీద కూలింది. పైలట్, నలుగురు ప్రయాణికులు చనిపోయారు. రడ్డర్ ట్రిమ్ పూర్తిగా ఎడమ చివరన ఉందనీ, టేకాఫ్‌కు ముందు అది పైలట్ కంట పడలేదనీ ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ తేల్చింది. అది రెండింజిన్ల విమానమే. కానీ ఆ ఒక్క చూపు మన చిన్న విమానంలోనూ అంతే అవసరం.

గాల్లో వరుస మార్చకండి: పవర్ పెట్టాలి, స్పీడ్ కుదరాలి, కాలితో బాల్ మధ్యకు తేవాలి, ఆ తర్వాతే ట్రిమ్. కొద్దికొద్దిగా తిప్పుతూ కాలి ఒత్తిడి సడలించండి. రెక్కలు సమంగా ఉంచి, పాదాలు పూర్తిగా తీసి చూడండి. బాల్ కదలకపోతే ట్రిమ్ కుదిరినట్టు. బాల్ ఎటు పోతే ఆ కాలు నొక్కాలి, ట్రిమ్ కూడా అటే తిప్పాలి.

నాకు ఎక్కువ భయం ఉన్నది దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు తిప్పిన కుడి ట్రిమ్ మరిచిపోయి సర్క్యూట్‌లోకి (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలోకి) వచ్చేస్తారు. పైపర్ చెరొకీ కుటుంబం విమానాల్లో ట్రిమ్ స్ప్రింగ్ ద్వారా పెడల్స్‌ను లాగుతుంది, ఆ పెడల్సే ముందు చక్రాన్నీ తిప్పుతాయి. ఫ్లేర్‌లో (నేల తాకేముందు ముక్కు ఎత్తేటప్పుడు) కాళ్లు వదులైతే ఆ చక్రం వంకరగానే రన్‌వేను తాకుతుంది. రన్‌వేకు పక్కగా, దిగే దిశకు ఎదురుగా ఎగిరే డౌన్‌విండ్‌లోనే ట్రిమ్ మధ్యకు తెచ్చేయండి. రన్‌వేకు నేరుగా వచ్చే ఫైనల్‌లో దానికోసం తల దించకండి. గో అరౌండ్‌లో (దిగకుండా మళ్లీ పైకెక్కేటప్పుడు) ట్రిమ్ చక్రం కోసం వెతకడం వద్దు. థ్రాటిల్‌తో పాటే కుడి కాలు వెళ్లాలి. విమానం నిలకడగా ఎక్కడం మొదలుపెట్టాక ట్రిమ్ సంగతి చూసుకోవచ్చు.

ఇక సిమ్యులేటర్. ఇంట్లో వాడే మామూలు పెడల్స్‌లో, మెలితిప్పే జాయ్‌స్టిక్‌లో ఒత్తిడి తగ్గిన సంగతి కాలికీ చేతికీ అందదు. స్ప్రింగ్ ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. అందుకని ఒకసారి ట్రిమ్ నొక్కి, కొద్దిగా సడలించి, బాల్ చూసి, మళ్లీ నొక్కాలి. సిమ్యులేటరే రడ్డర్ చూసుకునే ఆటో రడ్డర్ ఆన్‌లో ఉంటే ఇదంతా మీకు కనపడదు, ముందు దాన్ని తీసేయండి. ట్రిమ్ ముట్టకుండానే బాల్ ఒక పక్కకు పోతుంటే పెడల్స్ క్యాలిబ్రేషన్ చూడండి.

పాత యుద్ధ విమానాలు నడిపేవాళ్లకు ఇంకో మాట. మెర్లిన్ ఇంజిన్ స్పిట్‌ఫైర్‌ టేకాఫ్‌లో ఎడమకు లాగితే, గ్రిఫన్ ఇంజిన్ స్పిట్‌ఫైర్‌ కుడికి లాగుతుంది. యాక్-52, టైగర్ మాత్ ప్రొపెల్లర్లు కూడా మనకు అలవాటైన దిశకు ఎదురే తిరుగుతాయి. థ్రాటిల్ ముట్టకముందే ఇది ఎటు తిరిగే ప్రొపెల్లరో తెలుసుకుని ట్రిమ్ పెట్టండి.

విమానం నిలిపి ఇంజిన్ ఆపాక ట్రిమ్ మధ్యకు తెచ్చి దిగండి. క్లబ్ విమానమైతే మీ తర్వాత ఎక్కేది ఆ రోజే మొదటి సోలోకు వెళ్లే పిల్లాడు కావచ్చు.