సీరియల్ ఎపిసోడ్ మీద రాయాలంటే ప్రోమో పక్కన పెట్టి గడియారం పట్టుకోండి

ప్రోమో చూసి రాసిన రివ్యూ ఇట్టే దొరికిపోతుంది. ప్రోమోలో కోడలి చెంప పగిలితే, ఎపిసోడ్‌లో అది ఆడపడుచు పగటికల అని తేలుతుంది. లేదంటే ఆ సీన్ మూడు రోజుల తర్వాత గానీ రాదు. ప్రోమో కట్ చేసేవాళ్ల పని మిమ్మల్ని ఏడున్నరకి టీవీ ముందు కూర్చోబెట్టడం, కథ చెప్పడం కాదు. కాబట్టి మొదటి నియమం ఇది: ప్రోమోలో చూపించింది, ఎపిసోడ్‌లో జరిగింది, జనం అనుకున్నది వేరువేరుగా రాసి పెట్టుకోండి. సీరియల్ వార్తల్లో తప్పులు చాలావరకు ఈ మూడూ కలిసిపోవడం వల్లే వస్తాయి.

చూసేటప్పుడు

అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను మిగిలేది సుమారు 20 నుంచి 22 నిమిషాలు. టీవీలో చూస్తూ నోట్స్ రాసుకోవడం కష్టం, ఓటీటీలో అయితే పాజ్ చేసుకోవచ్చు, నిమిషం సెకను కనిపిస్తాయి. స్టార్ మా సీరియళ్లకి జియోహాట్‌స్టార్, జీ తెలుగుకి జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. కొన్ని సీరియళ్లు చందాదారులకి టీవీ కంటే ముందే, పొద్దున్నే వచ్చేస్తాయి. పొద్దున చూసి అప్పుడే రాసేస్తే, రాత్రికి ఇంట్లో అందరితో కలిసి చూద్దామనుకున్నవాళ్ల సరదా పాడవుతుంది. అందుకని శీర్షికలో మలుపు చెప్పకండి. లోపల మొదటి వాక్యంలోనే 'ఇది ఫలానా తేదీ ఎపిసోడ్, కథ మొత్తం ఉంది' అని చెప్పేయండి. ఎపిసోడ్ నంబరు కూడా వేస్తే ఆర్నెల్ల తర్వాత వెతికేవాళ్లు మీకు దణ్ణం పెడతారు.

నోట్స్ ఎలా ఉండాలో ఒక ఊహా ఎపిసోడ్‌తో చూద్దాం. జానకమ్మ అత్త, లత కోడలు.

0:00–1:50 నిన్నటి చివరి సీన్ మళ్లీ
1:50–6:10 హాలు. లత చెవులకి దిద్దులు లేవని జానకమ్మ నిలదీస్తుంది, లత నోరు విప్పదు
6:10–7:40 ఆరుగురి మొహాలు, ఒక్కొక్కరి మీద ఒక్కో ఉరుము
7:40–12:30 ఆస్పత్రి. మామగారి ఆపరేషన్ రసీదు మీద లత పేరు మరిది కంట పడుతుంది
12:30–17:00 పెరట్లో ఆడపడుచు ఫోన్ మాట్లాడుతుంది, మొన్నటి పథకమే మళ్లీ చెబుతుంది
17:00–20:20 మరిది గుమ్మంలోకి వచ్చి 'వదినా...' అంటాడు, ఫ్రీజ్
20:20–21:00 రేపటి ఎపిసోడ్ ముక్క

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: నిన్నటిదాకా తెలియనిది ఈ రోజు ఎవరికి తెలిసింది? రసీదు చూసిన మరిదికి. అంటే 21 నిమిషాల్లో కథ కదిలింది ఆస్పత్రి సీన్‌లో మాత్రమే, 4 నిమిషాల 50 సెకన్లు. 'సాగదీశారు' అని అందరూ అంటారు. ఎంత సాగదీశారో మీరు చెప్పగలగాలి.

దీనికి తోడు రహస్యాల పద్దు ఒకటి పెట్టుకోండి. తెలుగు సీరియల్ నడిచేదే ఎవరికి ఏది తెలియదు అన్నదాని మీద. పై కథకి పద్దు ఇలా ఉంటుంది. రహస్యం: దిద్దులు తాకట్టు పెట్టి మామగారి ఆపరేషన్‌కి కట్టింది. తెలిసినవాళ్లు: లత, ఈ రోజు నుంచి మరిది. తెలియనివాళ్లు: జానకమ్మ, లత మొగుడు. అనుమానం ఉన్నది: ఆడపడుచు. ప్రతి ఎపిసోడ్ తర్వాత ఒక గీత మారుతుందో లేదో చూడండి. రచయితలు కూడా అప్పుడప్పుడు మర్చిపోతారు. నలభై ఎపిసోడ్ల కింద రహస్యం విన్న పాత్ర, ఈ రోజు అదే విని కొత్తగా ఉలిక్కిపడుతుంది. పద్దు ఉంటే ఆ తప్పు పట్టేది మీరొక్కరే. స్టార్ మాలో కార్తీకదీపం నడిచిన రోజుల్లో, పిల్లలు తన పిల్లలేనా అని అనుమానించే హీరో కార్తీక్, అదే డాక్టర్ బాబు, స్వయంగా డాక్టరై ఉండి డీఎన్‌ఏ టెస్టు చేయించడేమిటని జనం వేసిన జోకులు గుర్తున్నాయి కదా. ఆ జోకుల వెనక ఉన్నది ఈ పద్దే, లోపమేమిటో చూసేవాళ్లకి నోటికొచ్చు.

రాసేటప్పుడు

ఇలా రాస్తే పనికిరాదు: 'ఈ రోజు ఎపిసోడ్‌లో ఊహించని ట్విస్ట్! లత చేసిన పనికి అందరూ షాక్! జానకమ్మ ఏం చేసిందంటే...' ఇందులో లత ఏం చేసిందో లేదు, షాక్ అయింది ఎవరో లేదు.

ఇలా రాయండి: 'దిద్దుల గొడవ రెండో రోజూ తేలలేదు. లత ఎందుకు చెప్పడం లేదో ఇప్పటికీ కారణం చూపించలేదు. మామగారి పరువు కోసమైతే ఆయనే మంచం మీద నుంచి చెప్పొచ్చు. కదిలింది మరిది ట్రాక్ ఒక్కటే, రసీదు చూసి అతను మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకోవడం బాగుంది.' నాలుగు వాక్యాల్లో జరిగింది, జరగనిది, లోపం, మెచ్చుకోలు అన్నీ వచ్చాయి. 'షాక్', 'ట్విస్ట్' అన్న మాటలు వాడకుండా ఒక వారం రాసి చూడండి, చేతికి అదే పట్టుబడుతుంది.

పాత్ర పేరు మొదటిసారి వచ్చినప్పుడు చుట్టరికం కూడా చెప్పాలి. ఉమ్మడి కుటుంబం కథల్లో పదిహేను మంది ఉంటారు, రోజూ చూడనివాళ్లకి 'ప్రకాష్ కోప్పడ్డాడు' అంటే ఏమీ తెలియదు. జరిగినదాన్ని వర్తమానంలో రాయండి, అభిప్రాయానికి వేరే పేరా ఇవ్వండి. నటన మీద రాసేటప్పుడు ఒక జాగ్రత్త: మన సీరియళ్లలో కన్నడ, మలయాళ, తమిళ నటీనటులు చాలామంది. తెరమీద మొహం ఒకరిది, గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది కావచ్చు. డైలాగ్ విరుపు బాగుందని నటిని ఆకాశానికెత్తే ముందు ఆ గొంతు ఎవరిదో కనుక్కోండి. కళ్లు, నడక, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు మొహంలో ఏముందన్నది మాత్రం నిస్సందేహంగా ఆ నటిదే.

ఫోటోలకి బదులు ఛానల్ వాళ్లు యూట్యూబ్‌లో పెట్టిన ప్రోమోనే ఎంబెడ్ చేయడం మేలు. ఎపిసోడ్ ముక్కలు కత్తిరించి మీ ఛానల్‌లో ఎక్కిస్తే కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు. 90 రోజుల్లో మూడు పడితే యూట్యూబ్ ఛానల్‌నే తీసేసే ప్రమాదం ఉంది.

'సీరియల్ ఆగిపోతోంది', 'హీరోయిన్ మారుతోంది'

ఈ రెండు పుకార్లు ఏడాది పొడవునా ఉంటాయి. ఆగిపోవడం గురించి తెలుసుకోవాలంటే ఆ సీరియల్ ప్రోమో కాదు, రాబోయే సీరియల్ ప్రోమో చూడాలి. చివర్లో వేసే టైమ్ ఎవరిదో చూస్తే సంగతి తెలిసిపోతుంది. 2017 అక్టోబరులో మొదలైన కార్తీకదీపం 2023 జనవరి 23న శుభం కార్డు వేసింది, మర్నాడే రాత్రి 7:30 స్లాట్‌లోకి బ్రహ్మముడి వచ్చింది. అయితే స్లాట్ పోయినంత మాత్రాన సీరియల్ పోయినట్టు కాదు. 2024 నవంబరులో 'ఇల్లు ఇల్లాలు పిల్లలు' 7:30కి వచ్చినప్పుడు బ్రహ్మముడి ఆగలేదు, మధ్యాహ్నానికి మారింది. కాబట్టి కొత్త సీరియల్ టైమ్ కనిపించగానే 'ఎండ్ కార్డు' అని రాయకండి. 'ఈ స్లాట్ ఫలానా తేదీ నుంచి కొత్త సీరియల్‌కి' అని రాసి, పాతదానికి ఛానల్ కొత్త టైమ్ ప్రకటించేదాకా ఆగండి.

నటి మారుతోందన్న మాట ఆమె సొంత అకౌంట్‌లో గానీ ఛానల్ ప్రోమోలో గానీ వచ్చేదాకా పుకారే. పాత్రని ఉన్నట్టుండి ఊరికి పంపడం, కోమాలో పడుకోబెట్టడం, మొహానికి కట్టు కట్టడం సూచనలే, రుజువులు కావు. నటికి సెలవు కావలసినా అదే చేస్తారు.

పాత్ర చనిపోయినా తొందరపడొద్దు. 2022లో కార్తీకదీపంలో కార్తీక్, దీప యాక్సిడెంట్‌లో పోయినట్టు చూపించి కథని పిల్లలు పెద్దయ్యాకకి తీసుకెళ్లారు. వంటలక్క, అంటే దీప, లేని కార్తీకదీపం జనానికి రుచించలేదు, కొన్ని నెలలకే ఇద్దరూ తిరిగొచ్చారు. శవం కనిపించని చావుకి 'చనిపోయింది' అని కాకుండా 'చనిపోయినట్టు చూపించారు' అని రాయడం ఎప్పుడూ క్షేమం.

ఇంకో వల, పేర్లు. 2024 మార్చి 25న మొదలైన 'కార్తీక దీపం: ఇది నవ వసంతం'లోనూ దీప, కార్తీక్ ఉన్నారు, నటులూ వాళ్లే, కథ మాత్రం వేరు. వెతికితే రెండింటి వార్తలూ కలిసి వస్తాయి, తేదీ చూడకుండా ఎత్తుకున్నారో నవ్వులపాలే.

రీమేక్ అయితే మాతృక చూసి రాబోయే కథ ఊహించడం ఒక అలవాటు. కార్తీకదీపానికి మలయాళం కరుత్తముత్తు, బ్రహ్మముడికి బెంగాలీ గాట్‌చొరా, ఇంటింటి గృహలక్ష్మికి బెంగాలీ శ్రీమొయీ మూలం. మొదట్లో ఈ ఊహ పనిచేస్తుంది. రేటింగ్ బాగుంటే మనవాళ్లు కథని సొంత దారి పట్టిస్తారు, అక్కడి నుంచి మాతృక చూసి చెప్పే జోస్యం ఫలించదు. 'మాతృకలో ఇలా జరిగింది' అని రాయండి, 'ఇలా జరగబోతోంది' అని కాదు.

టీఆర్‌పీ చదవడం

టీఆర్‌పీ అంటే టీవీ రేటింగ్. 2015 నుంచి మన దగ్గర ఈ రేటింగ్‌లు ఇస్తున్నది, టీవీని ఎంతమంది చూస్తున్నారో కొలిచే బార్క్ అన్న సంస్థ. ఛానల్ శబ్దంలో చెవికి వినబడని వాటర్‌మార్క్ కలిపి పంపుతారు. ఎంపిక చేసిన ఇళ్లలోని మీటర్ దాన్ని పట్టుకుంటుంది, ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ల బటన్ వాళ్లు నొక్కాలి. ఓటీటీలో చూసినవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఫోన్లలో మారుమోగే సీరియల్‌కి రేటింగ్ తక్కువ ఉందంటే కారణం ఇదే కావచ్చు.

లెక్క చిన్నదే. వంద మంది ఉన్న ఊరనుకోండి. అరగంట సీరియల్‌ని పది మంది మొత్తం చూశారు, ఇరవై మంది సగమే చూశారు. 10×30 అంటే 300, 20×15 అంటే 300, మొత్తం 600 నిమిషాలు. దాన్ని 30తో భాగిస్తే 20. అంటే సగటున నిమిషానికి 20 మంది, వందలో 20 కాబట్టి రేటింగ్ 20. ముప్పై మంది టీవీ పెట్టినా వచ్చింది ఇరవయ్యే. మధ్యలో లేచి వెళ్లేవాళ్లే రేటింగ్‌ని దించుతారు. ఆరుగురి మొహాల మీద తొంభై సెకన్లు గడిపినందుకు శిక్ష అక్కడ పడుతుంది.

బార్క్ వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది, అంకెలు ఆ తర్వాతి గురువారం వస్తాయి. సోమవారం వచ్చిన పెద్ద మలుపు ఫలితం తెలియడానికి పది రోజులు పడుతుంది. మర్నాడే 'ట్విస్ట్‌తో టీఆర్‌పీ అదిరింది' అని రాశారంటే కల్పించారన్నమాట. బార్క్ సైట్‌లో ఇచ్చే టాప్ జాబితాలో ఉండేది సగటు ప్రేక్షకుల సంఖ్య, అదీ వేలల్లో. బయట తిరిగేది రేటింగ్ పాయింట్లు. ఈ రెండూ ఒకే వాక్యంలో కలపకండి. పట్టణాల అంకెనీ, పట్టణాలూ పల్లెలూ కలిపిన అంకెనీ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనడం ఇంకా పెద్ద తప్పు. స్లాట్ మారిన సీరియల్ పాత రేటింగ్‌తో కొత్తది పోల్చడమూ అంతే, మధ్యాహ్నం ఒంటిగంటకి టీవీ ముందుండే జనం వేరు. ఐపీఎల్, పండగ, గంటసేపు వేసిన మహా ఎపిసోడ్ ఉన్న వారాలకి ఆ మాట పక్కనే రాయాలి. ఒక్క వారం చూసి తీర్పు వద్దు, నాలుగు వారాలు వరసగా రాసుకుంటే ఆ సీరియల్ ఎటు పోతోందో తెలుస్తుంది.

జనం మాట

ప్రోమో కింద కామెంట్లని ఎపిసోడ్ మీద అభిప్రాయంగా తీసుకోకండి, వాళ్లింకా ఎపిసోడ్ చూడలేదు. ఎపిసోడ్ టీవీలో వచ్చాక రెండు గంటలు ఆగి, 'టాప్' కాకుండా 'కొత్తవి' అన్న వరసలో యాభై కామెంట్లు తీసుకోండి. టాప్‌లో తేలేవి సాధారణంగా జంట అభిమానులవి. గుప్పెడంత మనసు సీరియల్‌కి 'రిషిధార' (రిషి, వసుధార జంట) అభిమానులు ఉండేవాళ్లు, ఆ ఇద్దరూ ఒక ఫ్రేమ్‌లో నిలబడితే చాలు వాళ్లకి ఎపిసోడ్ సూపర్. వాళ్ల అభిమానాన్ని తప్పుపట్టక్కర్లేదు, విడిగా లెక్కేయాలంతే. చీర బాగుంది, నేనే ఫస్ట్, హృదయం బొమ్మలు తీసేస్తే యాభైలో ఇరవయ్యో పాతికో మిగులుతాయి. వాటిని కథ, నిడివి, పాత్ర తీరు, నటన అని నాలుగు కుప్పలు చేసి, 'చూసిన యాభైలో ఎపిసోడ్ గురించి మాట్లాడినవి 22, అందులో 13 దిద్దుల గొడవ తెమలడం లేదన్నవి' అని రాయండి. 'నెటిజన్లు ఏకిపారేస్తున్నారు' కంటే ఇది వందరెట్లు నయం. కామెంట్ పెట్టినవాళ్ల పేర్లు ఇవ్వనక్కర్లేదు.

కానీ సీరియల్ చూసేవాళ్లలో చాలామంది జన్మలో ఒక్క కామెంట్ పెట్టరు. వాళ్ల మాట కావాలంటే ఇంట్లోనో పక్కింట్లోనో ముగ్గురిని అడగాలి. 'ఎలా ఉంది' అంటే 'బానే ఉంది' అంటారు, పని జరగదు. 'ఏ సీన్ దగ్గర లేచి స్టవ్ చూసొచ్చారు?' అని అడగండి. 'అది ఫోన్ మాట్లాడుతుంటే లేచా, ఎలాగూ మొన్నటిదేగా' అన్న జవాబు మీ నోట్స్‌లో 12:30 గీత పక్కన పెట్టుకోండి. యాడ్స్‌లో లేచినవి లెక్కలోకి తీసుకోవద్దు.

జనం గోల పెట్టినా కథ వెంటనే మారదు. కొన్ని ఎపిసోడ్లు ముందే తీసి బ్యాంక్ పెట్టుకుంటారు కాబట్టి ఈ రోజు విమర్శ ఫలితం తెరమీద కనబడేసరికి వారాలు గడుస్తాయి. 'ప్రేక్షకుల దెబ్బకి ట్రాక్ మార్చారు' అని రాయాలంటే మధ్యలో ఆ వ్యవధి ఉందో లేదో తేదీలు చూసుకోండి.

పొరపాటు రాస్తే చడీచప్పుడు లేకుండా దిద్దకండి. శీర్షిక కింద తేదీ వేసి 'మరిది చూసింది ఆపరేషన్ రసీదు కాదు, తాకట్టు రసీదు, సరిచేశాం' అని ఒక గీత పెట్టండి. రహస్యాల పద్దులోనూ అదే రోజు మార్చండి, లేకపోతే ఆ తప్పు మీద మరో పది ఎపిసోడ్ల రివ్యూలు నిలబడతాయి.