బోటు దారికి పూడిక తీయాలంటే ముందు వెదురు పట్టండి

నర్సంపేట దగ్గర మా ఊరి చెరువులో మత్స్యకారుల సంఘం తరఫున నాలుగు పెడల్ బోట్లు నడిపిస్తాను. మూడేళ్ల కింద మార్చి వచ్చేసరికే బోట్లు బురదలో కూరుకుపోయాయి. తొందరపడి ఒడ్డు దగ్గర జేసీబీతో నిట్టనిలువుగా పెద్ద గుంత తవ్వించాం. రెండు పెద్ద వానలకే పక్కల మట్టి జారి గుంత పూడిపోయింది. అందుకే చెబుతున్నాను, మిషన్ పిలవకముందు కొలతలు తీసుకోండి.

రెండు వెదుర్లు చాలు. ఒకదాని కొనకు వెడల్పాటి రేకు మూత బిగించండి, అది పూడిక మీదే ఆగుతుంది. రెండోదాని కొన చెక్కి గట్టిగా దించండి. మెత్తగా దిగుతూ దిగుతూ ఒకచోట టక్కుమని ఆగుతుంది, చేతికి తెలుస్తుంది. పైకి లాగితే నల్లటి, వాసన వచ్చే బురద చివర కాస్త ఎర్ర మొరం అంటుకొని ఉంటుంది. రెండు వెదుర్ల లోతుకూ ఉన్న తేడానే పూడిక మందం. ఆ గట్టి పొర చెరువు అసలు అడుగు. దాన్ని తెగ్గొడితే నీళ్లు ఇంకిపోతాయి, మొరం తగలగానే మిషన్ ఆపించండి.

చెరువంతా తవ్వక్కర్లేదు. ఒడ్డు నుంచి లోతు నీళ్ల దాకా దారి చేస్తే బోటు తిరుగుతుంది. ఎండాకాలపు నీటిమట్టం నుంచే లోతు లెక్కేయండి, చెరువు నిండి మత్తడి దుంకేటప్పటి మట్టం నుంచి కాదు. పెడల్ బోటుకు ఎండల్లోనూ 3 అడుగుల నీళ్లు ఉండాలన్నది నా లెక్క. 200 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, మీటరు లోతు తీస్తే 1,600 ఘనపు మీటర్ల మట్టి. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు అనుకుంటే 530 ట్రిప్పులు దాటుతుంది. పక్కలు వాలుగా చెక్కాలి కాబట్టి ఇంకొంచెం పెరుగుతుంది. వాలు చెక్కడం మాత్రం మానకండి. నిట్టనిలువు గుంతలో పిల్లలు, బర్రెలు దిగితే పైకి రాలేరు.

ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అనుమతి లేకుండా పార వేయొద్దు. యాసంగి కోతలయ్యాక, మృగశిర కార్తెలోపు పని ముగించాలి. చేపలు పట్టడం అయ్యాకే తూము తీయండి. తర్వాతి ఏడాదికి తల్లి చేపలు బతికేలా ఒక మడుగు వదలండి. గుర్రపుడెక్కను వేర్లతో సహా పీకి, నీళ్లకు దూరంగా కుప్పేసి ఎండబెట్టండి.

కట్ట జోలికి అసలు పోవద్దు. చెరువు నీళ్లు పొలాలకు వదిలే మా నీరటి తాత ముందే చెప్పాడు, "కట్ట పొంటి గీకొద్దు బిడ్డా, అది నిలబడ్డదే ఆ మట్టి మీద" అని. కట్ట అడుగున తవ్వితే అది జారుతుంది, గండి పడుతుంది. ఎంత దూరం వదలాలో ఏఈతో చెప్పించి, అక్కడ సున్నంతో గీత గీయించండి.

మట్టి ఎక్కడ పోయాలన్న టెన్షన్ వద్దు. చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయలో రైతులే సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి తోలుకున్నారు. ఎర్ర చలకల్లో ఈ ఒండ్రు పడితే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. మట్టి పరీక్ష చేయించి ఇస్తే వాళ్లకూ నమ్మకం.

పూడిక ఎక్కువగా వచ్చేది వాగు కాలువ నుంచే. కాలువ చెరువులో కలవకముందు ఒక గుంత తవ్వి పెట్టండి, ఇసుక, మట్టి కొంత అక్కడే ఆగుతాయి. ఏటా ఉగాదికి ఆ గుంత తోడించి, మళ్లీ ఆ వెదుర్లతోనే దారి పొడవునా ఇరవై చోట్ల కొలుస్తున్నాం. ఎక్కడ లోతు ఒక అడుగు తగ్గిందో అక్కడ ఒక్కరోజు జేసీబీ పెట్టుకుంటున్నాం.